విశ్వం ‘విస్తరిస్తోంది’ అంటే ఎటు?

మా అమ్మాయి తెలుగు మీడియం, తొమ్మిదో తరగతి. బడిలో వ్యాసం రాయమన్నారట. నిన్న ఒకే పేజీలో రెండు వాక్యాలు పట్టుకొచ్చింది: “విశ్వం విస్తరిస్తోంది, గెలాక్సీలు దూరమవుతున్నాయి”, “ఆండ్రోమెడా మన పాలపుంతను ఢీకొనబోతోంది” (ఆండ్రోమెడా అంటే మన పాలపుంత లాంటిదే, పొరుగు గెలాక్సీ). ఏది నిజం నాన్నా అంది. చిక్కు సగం మన మాటల్లోనే ఉందనిపించింది.

విస్తరణ అనగానే నాకు రోడ్డు విస్తరణ, మంత్రివర్గ విస్తరణ గుర్తొస్తాయి. అంచు జరుగుతుంది, పక్కవాడి స్థలం పోతుంది. విశ్వానికి పక్కవాడెవడు? పాఠాల్లోని ‘వ్యాకోచం’ కాస్త నయం, ఎండకు రైలుపట్టా అంతటా సాగినట్టు. కానీ గెలాక్సీ లోపల అలా సాగదే! ‘ఎడం’ అనే మాట చేతిలో ఉండగా ఇవన్నీ ఎందుకు? గెలాక్సీ గుంపుల మధ్య ఎడం పెరుగుతోంది, అంతే. తిరనాళ్లు ముగిశాక జనం ఎడమవుతారు. చేతులు పట్టుకున్న ఇద్దరు కలిసే నడుస్తారు. ఏమంటారు?

జవాబు: ఎడం బాగుందండీ. తిరనాళ్ల పోలికే సగం. అక్కడ జనం నడుస్తారు, ఇక్కడ నేలే సాగుతుంది. దాదాపు 32.6 లక్షల కాంతి సంవత్సరాల దూరానికి సెకనుకు 70 కిలోమీటర్ల చొప్పున ఎడం పెరుగుతుంది. ఆ లెక్కన 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలోని ఆండ్రోమెడా 50 పైచిలుకు వేగంతో అటు పోవాలి. పోకపోగా 110 వేగంతో ఇటే వస్తోంది. గురుత్వం పట్టు అలాంటిది. ఇంకో తమాషా: గెలాక్సీలు దూరమయ్యే లెక్కను ఖగోళ శాస్త్రవేత్త హబుల్ తేల్చింది 1929లో. ఆండ్రోమెడా రాకను స్లైఫర్ అనే ఇంకో ఖగోళ శాస్త్రవేత్త 1912లోనే కొలిచాడు.

జవాబు: నా పేచీ ‘ఢీ’తో. ఢీకొనేవి పొట్టేళ్లు, లారీలు. సూర్యుణ్ణి రెండు సెంటీమీటర్ల రేగిపండు చేస్తే, పక్క నక్షత్రం సుమారు 570 కిలోమీటర్ల అవతల ఉంటుంది. హైదరాబాదులో ఒక పండు, రోడ్డు దారిన బెంగళూరు చేరితే ఇంకోటి. ఇవేం తగులుకుంటాయి? సంగమం అనండి.

జవాబు: సంగమం అంటే పుష్కరాలకు వెళ్లినట్టుంది 😀 నక్షత్రాలు తగలవు, ఒప్పుకుంటా. వాయుమేఘాలు మాత్రం నిజంగానే గుద్దుకుంటాయి, ఆ ఒత్తిడికి కొత్త నక్షత్రాలు పుడతాయి. హస్తా నక్షత్రం వైపు యాంటెన్నా గెలాక్సీల జంట ఇప్పుడు ఆ పనిలోనే ఉంది. నా ఓటు ‘ఢీ’కే.

జవాబు: మా గోదావరి వైపు పుంత అంటే పొలాల మధ్య బండిదారి. పాలపుంత అంటే పాలదారన్నమాట. దారిని ఎవరైనా ఢీకొంటారా? రెండు పుంతలు ‘కలుస్తాయి’ అంటాం.

మొదట అడిగిన నేనే: ‘కలుస్తాయి’ నచ్చింది. కానీ అదీ ఖాయం కాదట. 2025లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం వచ్చే 1000 కోట్ల ఏళ్లలో అవి ఒకటయ్యే అవకాశం సగానికి సగమే. అంటే ‘ఢీకొనబోతోంది’లో ఇన్నాళ్లూ మనం ‘ఢీ’తో కుస్తీ పట్టాం, ‘బోతోంది’ని ఎవరం పట్టించుకోలేదు. అమ్మాయికి చెప్పాను. “అయితే ‘కలవొచ్చు’ అని రాస్తా, మార్కులు పోతే పూచీ నీదే” అంది.