సెకండ్ లైఫ్‌లో నేల ధర ఎందుకు పడింది? కంపెనీ దీవులు ఎక్కువ పోయడం వల్లా, జనం పోవడం వల్లా?

నీలిద్వీపం (అట్లాంటా):
పోయిన వారం ఇంకో చర్చలో ఒకాయన "సెకండ్ లైఫ్‌లో జనం తగ్గారు, నేల ధర పడింది, అంతే కదా" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. 2007 నుంచి 2009 దాకా అందులో దీవులు అద్దెకిచ్చినవాణ్ణి. ఆ మాట ఒప్పుకోను. జనం ఉండగానే ధర పడింది.

తెలియనివాళ్ల కోసం చెప్తాను. లిండెన్ ల్యాబ్ అనే అమెరికా కంపెనీ 2003లో ఇంటర్నెట్‌లో తెరిచిన మాయాలోకం అది. అక్కడ నేల లెక్క "రీజియన్". 256 మీటర్ల పొడవు, అంతే వెడల్పు, అంటే మన లెక్కలో 16 ఎకరాల పైచిలుకు. కొనేటప్పుడు ఒకసారి డబ్బు, ఆ తర్వాత నెలనెలా "టియర్". 2006 నవంబర్‌లో ఒక రీజియన్ ఉన్న సొంత దీవి కొనుబడి 1,250 నుంచి 1,675 డాలర్లకు, టియర్ 195 నుంచి 295 డాలర్లకు పెంచారు. ఆ రేట్లకి కూడా జనం కొన్నారు. 2008 వసంతంలో అదే దీవి 1,000 డాలర్లు అన్నారు. దానికి తోడు సముద్రానికీ అడవులకీ వాడుకోమని పెట్టిన ఓపెన్‌స్పేస్ దీవుల్లో ప్రిమ్‌లు (అక్కడ వస్తువులు కట్టే ముక్కలు, దీవికి ఇన్నని పరిమితి) రెట్టింపు చేసి, నెలకి 75 డాలర్లకే ఇచ్చారు. ఎవరు సముద్రం పెట్టారు? అందరూ ఎగబడి కొని ఇళ్లు కట్టి అద్దెకిచ్చారు. ఊరి పక్కన ఒకేసారి పది వెంచర్లు వేస్తే ఊళ్లో స్థలం ధర ఏమవుతుందో మనవాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు.

లెక్కలపక్షి (విజయవాడ):
నీలిద్వీపం గారూ, వెంచర్ పోలిక ఇక్కడ కుదరదు. మన ప్లాటుకి నెలనెలా కట్టేదేమీ లేదు, ఖాళీగా పదేళ్లు పడేసినా మనదే. మీ దీవికి 1,000 డాలర్లు ధర, ఏడాది టియర్ 3,540 డాలర్లు. వస్తువు ఖరీదుకి మూడున్నర రెట్లు ఏటా కడుతూ ఉంటే, దాని ధర అనేది అద్దెలో టియర్ పోగా మిగిలిన చిల్లర మీదే నిలబడుతుంది. అద్దె కాస్త తగ్గితే చాలు, ఆ చిల్లర పోయి ధర సున్నా అవుతుంది. దానికి జనం సగానికి తగ్గక్కర్లేదు.

ఇక "చవగ్గా పోశారు" అన్నదానికి లెక్క చూపిస్తాను. మామూలు దీవికి 15,000 ప్రిమ్‌లు, నెలకి 295 డాలర్లు. ఓపెన్‌స్పేస్‌కి 3,750 ప్రిమ్‌లు, 75 డాలర్లు. ఎలా భాగించినా ప్రిమ్‌కి సుమారు 2 సెంట్లే. చవకేదీ?

పాతకాపు:
నిజమే, మా రోజుల్లో అద్దెకి దిగేవాడు మొదట అడిగేది "ప్రిమ్‌లు ఎన్ని" అనే. ఇంట్లో పెట్టే ప్రతి కుర్చీకీ ప్రతి చెట్టుకీ ప్రిమ్‌లు ఖర్చు.

నీలిద్వీపం:
ప్రిమ్ లెక్క దగ్గరే ఆగిపోతే ఎలాగండీ. అద్దెకొచ్చినవాడు 15,000 ప్రిమ్‌ల దీవిలో నాలుగో వంతు తీసుకుంటే చుట్టూ ముగ్గురు పొరుగువాళ్లు. ఓపెన్‌స్పేస్ తీసుకుంటే ప్రిమ్‌లు అవే, కానీ దీవి మొత్తం వాడిదే, నాలుగు పక్కలా నీళ్లు. అదే డబ్బుకి ఒకటి అగ్గిపెట్టె గది, ఇంకోటి తోటలో బంగ్లా. ఎవడైనా ఏది తీసుకుంటాడు? పైగా నెలకి 75 డాలర్లే. నా దీవుల్లో ఉన్నవాళ్లే తలా ఒకటి కొనుక్కుని నాకు పోటీగా అద్దెకి బోర్డులు పెట్టారు.

అక్టోబర్‌లో సర్వర్ల మీద బరువు ఎక్కువైందని 75ని 125 చేస్తామన్నారు. గొడవైతే "హోమ్‌స్టెడ్" అని పేరు మార్చి 2009 జనవరి నుంచి 95 అన్నారు. నేల పోసిందీ కంపెనీయే, తోడేసిందీ కంపెనీయే. జనం తగ్గడం దీనికి తర్వాతి సంగతి.

కొండాపూర్_కుర్రాడు:
అన్నా, నడుమ వస్తున్నందుకు ఏమనుకోకు. నేను డీసెంట్రాలాండ్ అని గిట్లాంటిదే ఇంకో లోకంల ఒక ప్లాట్ కొన్న, 2022 జనవరిల. అండ్ల మొత్తం ప్లాట్లు 90,601. ఒక్కటి గూడ పెంచలే. ఒక్కోటి 16 మీటర్లు ఇటు, 16 మీటర్లు అటు. ఫేస్‌బుక్ పేరే మెటా అయింది, ఇగ నేలకు రెక్కలే అని ఒకాయన చెప్పిండు, ఆయనకు కమీషన్ గూడ ఇచ్చిన. నేల పోసుడే కారణమైతే మరి నా ప్లాట్ ఎందుకు పడ్డది? పైకెల్లి 2022 ఏప్రిల్ నుంచి లాభం వస్తే 30 శాతం పన్ను, నష్టం వస్తే దేంట్ల గూడ తీసేసుకోనియ్యరు.

నీలిద్వీపం:
తమ్ముడూ, నీకు రెండు దెబ్బలు ఒకేసారి తగిలాయి. నీ ప్లాటుకి ధర కట్టేది మానా నాణెంలో. ఆ మానాయే 2021 నవంబర్‌లో 5 డాలర్లు దాటి, 2022 చివరికి అర డాలరు కిందికి వచ్చింది. మా దగ్గర అలా కాదు. అక్కడి నాణెం లిండెన్ డాలర్లు అమెరికా డాలరుకి 250, 270 మధ్యే ఏళ్ల తరబడి ఉన్నాయి. అద్దె లిండెన్లలో తీసుకుని, వాళ్ల మారకంలో డాలర్లు చేసుకుని టియర్ కట్టేవాణ్ణి. నాణెం నిలబడి ఉండగా నేల పడింది. అందుకే నేల పోయడమే కారణం అంటున్నాను.

లెక్కలపక్షి:
అసలు విషయం మీరే బయట పెట్టారు. నాణెం దానంతట అది నిలబడలేదు. కొనేవాళ్లు ఎక్కువైనప్పుడు కంపెనీ "సప్లై లిండెన్" అనే తన ఖాతా నుంచి కొత్త లిండెన్లు అమ్ముతుంది. ఇంకోవైపు బొమ్మ అప్‌లోడ్ చేస్తే 10 లిండెన్లు, గ్రూపు పెడితే 100, ప్రకటన వేస్తే ఇంత అని వెనక్కి లాగి చెరిపేస్తుంది. నాణెం కుళాయి తన చేతిలోనే, అది తిప్పడానికి ఖర్చు లేదు. నేల అలా కాదు, ప్రతి దీవి వెనకా నడిచే సర్వర్ ఉంది. రేటు కదలకుండా ఒకదాన్ని కట్టేస్తే ఆటుపోట్లన్నీ రెండోదాని మీద పడతాయి. 2007 జులైలో జూదం ఆపేశారు, ఆగస్టులో గింకో అనే బ్యాంకు జనం డబ్బుతో మునిగింది, 2008 జనవరిలో ప్రభుత్వ అనుమతి లేని బ్యాంకులన్నీ నిషేధించారు. ఇన్ని జరిగినా మారకం రేటు చెదరలేదంటే, ఆ దెబ్బ మోసింది మీలాంటి దీవుల యజమానులే.

మాధవి_వరంగల్:
చాలాసేపటి సంది చదువుతున్న. యజమానులు మోసిండ్రు, యజమానులు మోసిండ్రు అంటున్నరు. యజమానుల కింద ఉన్నోళ్ల మాట ఒక్కరన్నా తీసిండ్రా?

నేను 2008ల ఒక దీవిల జాగ తీసుకున్న. 512 చదరపు మీటర్లు, 117 ప్రిమ్‌లు. "కొనుగోలు" అనే పెట్టిండ్రు, వారం వారం అద్దె వేరే. ఆ 117ల మా అమ్మమ్మ ఇంటి లెక్క ఇల్లు కట్టిన. నడుమ మండువా, వాన నీళ్లు పడే గచ్చు, తులసికోట. తులసికోటకు మూడు ప్రిమ్‌లు మిగలాలని దర్వాజల మీది చెక్కుడు తీసేసిన. మూడు నెలల అద్దె ముందే కట్టిన. ఒకనాడు పొద్దున లాగిన్ అయితే నన్ను తీస్కపోయి ఇంకెక్కడనో నిలబెట్టింది. పటంల చూస్తే మా దీవి ఉన్నకాడ ఏం లేదు. యజమానికి ఎన్ని మెసేజ్‌లు పెట్టినా జవాబు లేదు. ఆ మనిషి ఎవరో ఇక్కడ అనను.

కొండాపూర్_కుర్రాడు:
అక్కా, గిది అన్యాయం.

నీలిద్వీపం:
మాధవి గారూ, ఒకరు చేసిన పనికి అందర్నీ ఒకే గాటన కట్టకండి. అద్దెలు రాకపోతే దీవి ఎవరు నిలబెడతారు? నా జేబులోంచి ఎన్ని నెలలు కట్టానో మీకు తెలియదు. అద్దెకున్నవాళ్లు లేచిపోతే వాళ్లకి పోయేదేమీ లేదు. కొన్నవాడికే కదా నష్టం.

లెక్కలపక్షి:
మీరు దీవులు మూసినప్పుడు అడ్వాన్సులు తిరిగి ఇచ్చారా?

నీలిద్వీపం:
ఇది ధరల మీద చర్చ. నా పద్దు మీద కాదు.

లెక్కలపక్షి:
నేలకి ధర పెట్టి ఇంకొకరికి "అమ్మిన" మనిషిని అడుగుతున్నాను. ఇదే చర్చ.

నీలిద్వీపం:
ఇవ్వలేదు. ఇప్పుడు సరేనా? ఆరు దీవుల్లో నాలుగు మూసేశాను, 2009 జూన్‌లో. అంతకుముందు నెలల టియర్ ఆ అడ్వాన్సులతోనే కట్టాను. అందుకే ఇవ్వడానికి చేతిలో ఏమీ లేదు. రెండు వారాల ముందు అందరికీ నోట్‌కార్డు (అక్కడి చీటీ) పంపాను. నేను మాత్రం ఏ పట్టా పెట్టుకుని అమ్మాను? నాకు ఉన్నదీ వాడుకునే అనుమతే.

లెక్కలపక్షి:
పట్టా సంగతి కోర్టు దాకా వెళ్లింది. 2006లో వేలంలో 300 డాలర్లకి కొన్న నేల విషయంలో ఖాతా మూసేస్తే బ్రాగ్ అనే పెన్సిల్వేనియా లాయరు దావా వేశాడు. అమ్మేటప్పుడు నేల మీ సొంతం అన్నారు కదా అని ఆయన వాదన. 2007 మేలో జడ్జి ఆ ఒప్పందంలోని మధ్యవర్తిత్వ షరతు చెల్లదన్నాడు. అక్టోబర్‌కి రాజీ పడ్డారు. నేల ఎవరిదన్నది తేలకుండానే పోయింది. తేలనిదాన్ని మీరు కొన్నారు, పెద్దవారు, అది మీ ఇష్టం. ఇంకొకరికి "కొనుగోలు" అని పేరు పెట్టి అమ్మినప్పుడు మీకు తెలిసింది వాళ్లకి చెప్పాలి. నేను మొదటినుంచీ సున్నా ధర అంటున్నది దీని గురించే. యజమాని అప్పుల మీద నిలబడిన ధర అది.

పాతకాపు:
నోట్‌కార్డు పంపినా కొన్ని రోజులు లాగిన్ కానివాళ్లకి మెసేజ్‌లు నిండిపోయి ఆ తర్వాత వచ్చేవి ఆగిపోయేవి. నాకూ అలా పోయాయి.

నీలిద్వీపం:
ఆ సంగతి నాకు అప్పుడు తెలియదు. ఇందాక పాత షీటు తీశాను. మూసిన దీవుల్లో 14 పేర్లున్నాయి. ఇవ్వాల్సిన అడ్వాన్సులు కలిపితే 61,000 లిండెన్లు, డాలరుకి 265 చొప్పున 230 డాలర్లు. నాకు అప్పట్లో అది కొండంత కనిపించింది. నా ఆరు దీవుల ధర ఎంత పోయిందో నాకు సెంట్లతో సహా కంఠోపాఠం. ఈ అంకె మాత్రం ఇవాళే వేశాను. వాటిలో మాధవి గారి పేరు లేదు, ఆవిడ అక్కడ ఏ పేరుతో ఉండేవారో నాకు తెలియదు.

మాధవి_వరంగల్:
నా పేరు చెప్పను లెండి. మీరే అయినా, ఇంకొకరైనా, అది పైసల సంగతి కాదు. ఇంట్ల వస్తువులన్నీ ఒక ముద్దలెక్క నా సామాన్లల్ల వచ్చి పడ్డయి, తులసికోట గూడ అండ్లనే ఉంది. ముందు తెలిస్తే మండువాల నిలబడి నాలుగు దిక్కుల ఫోటోలు తీసుకుందును. మా అమ్మమ్మ ఇల్లు 1996లనే కూలగొట్టిండ్రు, దాని ఫోటో గూడ ఒక్కటి లేదు.