చీటీ డబ్బు చేతికొచ్చింది: దాచుకోవాలా, అప్పు తీర్చాలా?

మల్లెతోట (తెనాలి)
ఐదు లక్షల చీటీ, యాభై నెలలది. పద్దెనిమిదో నెలలో లక్షా పదివేలు వదులుకుని పాడాను. 3,90,000 చేతికి వచ్చాయి. అప్పులు మూడున్నాయి. ఆడపడుచు మామగారి దగ్గర ప్రామిసరీ నోటు రాసి తెచ్చిన రెండు లక్షలు, రెండు రూపాయల వడ్డీ. గొలుసు మీద 70,000, గాజుల మీద 90,000 తాకట్టు. బ్యాంకులో ఇంటి అప్పు ఇంకా పదకొండు లక్షలు, 8.5 శాతం. ఖాతాలో ఉన్నది 15,000. మొత్తం ఇంటి అప్పుకే కట్టేద్దామని మా వారు అంటున్నారు. కొంతైనా దాచాలని నాకుంది. పాపకు ఆరేళ్లు. సుకన్య ఖాతాలో (ఆడపిల్లల కోసం ప్రభుత్వం పెట్టిన పొదుపు పథకం) ఈ ఏడాది ఏమీ వేయలేదు. అందులో ఎంత వేయమంటారు?

పెన్నాతీరం
దాచుకోండి. 2021 జనవరిలో మేము ఇంట్లో ఉన్నదంతా ఊడ్చి ఇంటి అప్పు తీర్చేశాం. పత్రాలు చేతికొచ్చిన రోజు పాయసం వండుకున్నాం. మే నెలలో నాన్నకు కరోనా వచ్చింది. చేర్చుకోవడానికి ముందే లక్ష కట్టమన్నారు. తీర్చేసిన అప్పును బ్యాంకు ఆ పూట మళ్లీ ఇస్తుందా? రాత్రి పదకొండు గంటలకు మూడు రూపాయల వడ్డీకి తెచ్చాను. నాన్న దక్కారు, అప్పు తీరడానికి మాత్రం రెండేళ్లు పట్టింది. ఆరు నెలల ఇంటి ఖర్చు పక్కన లేకుండా ఎవరూ ఏ అప్పూ తీర్చకండి.

లెక్కల_టీచరు
ఏ అప్పూ అంటే ఎలా? పదకొండు లక్షల ఇంటి అప్పుకు నెల వడ్డీ 7,800 దాకా పడుతుంది. రెండు లక్షల నోటుకు నెలకు 4,000. ఆ రెండు లక్షలను 6.5 శాతానికి ఫిక్స్‌డ్ డిపాజిట్ వేస్తే ఏడాదికి 13,000 వస్తాయి, నోటుకేమో 48,000 పోతాయి. ముందు నోటు తీర్చండి. ఇంటి అప్పు తొందరేమీ లేదు. వడ్డీ రేటు మారుతూ ఉండే ఇంటి అప్పును ఎప్పుడు ముందుగా కట్టినా జరిమానా వేయకూడదని రిజర్వు బ్యాంకు 2012లోనే చెప్పింది.

గల్ఫ్_నిజామాబాద్
వీసా కోసం 1,20,000 మూడు రూపాయల వడ్డీకి తెచ్చి దుబాయి వచ్చాను. పంపిన డబ్బుతో ముందు ఇంటికి స్లాబు వేయించారు. అప్పిచ్చినవాడు మనవాడే, తర్వాత చూద్దామన్నారు. 28 నెలలకు వడ్డీయే లక్ష దాటింది. సెలవుకు వెళ్లిన రోజే ఆయన మా గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. అక్కా, నోటు అప్పును ఒక్క నెల కూడా ఉంచకండి.

విశ్రాంత_బ్యాంకరు
31 ఏళ్లు బ్యాంకులో పనిచేశాను, అందులో 19 ఏళ్లు అప్పుల విభాగంలోనే. అసలు సంగతి ఒక్కరూ చూడలేదు. అమ్మా, ఆ 3,90,000 నీ పొదుపు కాదు. పద్దెనిమిది నెలల్లో నువ్వు కట్టింది లక్షన్నర ఉంటుందేమో. మిగతాది తోటి సభ్యుల డబ్బు. ఇంకా 32 వాయిదాలు కట్టాలి. చివరి నెలల్లో పాట తగ్గి డివిడెండు (పాడినవారు వదులుకున్నదాంట్లో నీ వాటా) పడిపోతుంది, వాయిదా పదివేలకు దగ్గరవుతుంది. అది నీ నాలుగో అప్పు. చీటీ అనేదే పొదుపు కాదు.

గుంటూరు_గృహిణి
చీటీ పొదుపు కాదా? కుట్టుమిషను మీద సంపాదించి ఇద్దరు అమ్మాయిల పెళ్లిళ్లు చీటీలతోనే చేశాను. అప్పుకోసం బ్యాంకుకు వెళ్తే జీతం పత్రం తెమ్మన్నారు. అది నేనెక్కడినుంచి తేను?

విశ్రాంత_బ్యాంకరు
చివరి వరకు ఆగి ఎత్తుకున్నవారికి పొదుపే. మధ్యలో పాడినవారికి అప్పు. నేను చెప్పింది అదే.

గుంటూరు_గృహిణి
మీరు చెప్పింది అది కాదు. ‘చీటీ అనేదే’ అన్నారు. పైన ఉంది, చదువుకోండి. చివరి వరకు ఆగానని ఎవరు చెప్పారు? పెద్దమ్మాయి పెళ్లికి పదకొండో నెలలోనే పాడాను. ఆ చీటీ లేకపోతే నేనూ నోటు రాసేదాన్ని.

కృష్ణవేణి_ఒడ్డు
మా వీధిలో చీటీలు వేసే ఆవిడ రాత్రికి రాత్రి ఇల్లు ఖాళీ చేసింది. 24 నెలలు కట్టాను. ఒక్క రూపాయి రాలేదు. రసీదులు తప్ప నా దగ్గర ఏమీ లేవు.

విశ్రాంత_బ్యాంకరు
అది నమోదు కాని చీటీ అయి ఉంటుంది. 1982 చట్టం ప్రకారం చీటీని రిజిస్ట్రారు దగ్గర నమోదు చేయాలి. నిర్వాహకుడి కమీషను కూడా 2021 దాకా 5 శాతానికి మించకూడదు, ఇప్పుడు 7 శాతం. ఇవేవీ అడగకుండా కడతారు.

కృష్ణవేణి_ఒడ్డు
పక్కింటి మనిషిని, పదేళ్లుగా తెలిసిన మనిషిని రిజిస్ట్రేషను కాగితం చూపించమని మీరు అడిగేవారా? పోగొట్టుకున్నవారికి పాఠాలు చెప్పకండి.

పత్తిచేను
నాది పంట అప్పు. 3 లక్షల లోపు 7 శాతం, గడువులోగా కడితే 3 శాతం రాయితీ పోను 4 శాతమే పడుతుంది. గడువుకు చేతిలో డబ్బుండదు. బయట రెండు మూడు రోజులకు తెచ్చి కట్టి, కొత్త అప్పు రాగానే వాళ్లకిస్తాం. ఈసారి పత్తి అమ్మిన 90,000 మిగిలాయి. అప్పుకు కట్టి తగ్గించుకోవాలా, తిరగరాయించి చేతిలో ఉంచుకోవాలా?

లెక్కల_టీచరు
మల్లెతోట గారూ, మిగిలినదాంతో బంగారం విడిపించండి. అవసరమొస్తే ఒక్క పూటలో మళ్లీ తాకట్టు పెట్టవచ్చు. దాచిన డబ్బుతో సమానమే.

పెన్నాతీరం
రాత్రి పదకొండు గంటలకు తాకట్టు ఎవరు పెట్టుకుంటారు సార్? ఆ రాత్రి మా ఆవిడ మెడలో గొలుసు ఉంది. అయినా ఊరంతా తిరిగాను.

నోటు_బాధితుడు
నోటు తీర్చేవారు ఇది వినండి. మా అన్నయ్య పూర్తిగా కట్టేశాడు. ‘నోటు ఎక్కడో ఉంది, వెతికిస్తాను’ అంటే నమ్మి వచ్చేశాడు. ఏడాదిన్నరకు కోర్టు నోటీసు వచ్చింది. కట్టినట్టు సాక్ష్యం లేదు. నోటు చేతికి తీసుకోకుండా చివరి రూపాయి ఇవ్వకండి. కొంతే కడితే అదే నోటు వెనుక చెల్లు రాయించి సంతకం తీసుకోండి. మూడేళ్లకు నోటుకు కాలం చెల్లుతుంది కాబట్టి, అది దగ్గరపడుతుంటే తిరగరాయమంటారు. అప్పుడు కట్టని వడ్డీని అసలులో కలిపేస్తారు, చూసుకోండి.

మల్లెతోట (తెనాలి)
అందరికీ నమస్కారం. మాదీ వచ్చే నెలకు మూడేళ్లు నిండే నోటే. నిన్న రెండు లక్షలు, నెల వడ్డీ ఇచ్చి నోటు తెచ్చుకున్నాను. గొలుసు విడిపించాను. గాజులు అలాగే ఉంచాను. దాదాపు 1,15,000 మిగిలాయి. అవి వేరే ఖాతాలో వేశాను. చీటీకి జామీను ఉన్నది మా తమ్ముడు. వాయిదా తప్పితే వాడి జీతం మీదకు వస్తుంది, ఆ డబ్బు ముట్టుకోను. ఇంటి అప్పుకు ఏమీ కట్టలేదని మా వారు రెండు రోజులుగా సరిగ్గా మాట్లాడటం లేదు. సుకన్య సంగతి ఎవరూ చెప్పలేదు.

గుంటూరు_గృహిణి
మార్చి 31లోగా 250 వేసి ఖాతా బతికించమ్మా. తప్పితే 50 జరిమానా. 8.2 శాతం మంచి వడ్డీయే, కానీ అమ్మాయి పదో తరగతి పాసయ్యేదాకా, లేదా పద్దెనిమిదేళ్లు వచ్చేదాకా, ఏది ముందైతే అప్పటివరకు చదువుకైనా తీయలేవు. గాజులు వచ్చాక పెంచు.

పత్తిచేను
నేను అడిగింది ఎవరైనా చూశారా? నా గడువుకు ఇరవై రోజులే ఉంది.