అప్‌డేట్: ఎత్తు ఎక్కని రైడింగ్ మోవర్ – బెల్ట్, దాంతోపాటు పుల్లీ కూడా

చదును మీద బాగానే నడిచే మా రైడింగ్ మోవర్ (కూర్చుని నడిపే గడ్డి కోసే యంత్రం) ఇంటి వెనక ఎత్తు రాగానే ఆగిపోతోందని ఇదివరకు ఇక్కడ అడిగాను కదా, కారణం తేలింది. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

డెక్ (కింద బ్లేడ్లుండే భాగం) తీసి చూస్తే, ఇంజిన్ శక్తిని చక్రాలవైపు పంపే డ్రైవ్ బెల్ట్ పక్కలు అద్దంలా నున్నగా అరిగాయి, లోపలివైపు పగుళ్లు. "పుల్లీలు చేత్తో తిప్పి చూడండి" అన్నవారి మాటే అసలు పనికొచ్చింది: బెల్ట్‌ని బిగువుగా ఉంచే ఐడ్లర్ పుల్లీ బేరింగ్ గరగరమంటోంది. బెల్ట్ ఒక్కటే మార్చుంటే కొత్తదాన్నీ తినేసేది. రెండూ మార్చాను, ఇప్పుడు ఆగకుండా ఎక్కుతోంది. ట్రాన్స్‌మిషన్ ఆయిల్‌కీ, బైపాస్ లివర్‌కీ (మోవర్‌ని చేత్తో తోయడానికి ట్రాన్స్‌మిషన్‌ని విడదీసేది) మా సమస్యతో సంబంధమే లేదు.

మార్చేవాళ్లకి: ముందు స్పార్క్ ప్లగ్ వైరు పీకేయండి. పాత బెల్ట్ దారి ఫోటో తీసుకోండి, కీపర్ల (బెల్ట్ పక్కకి పోకుండా ఆపే కడ్డీల) బయటినుంచి పోతే జారిపోతుంది. మాన్యువల్‌లోని పార్ట్ నంబరుదే కొనండి. పొడవు సరిపోయినా మామూలు వీ-బెల్ట్, ఈ బెల్ట్ బిగుస్తూ వదులవుతూ క్లచ్‌లా పనిచేసేటప్పటి రాపిడికి ఆగదు.