అప్‌డేట్: హైదరాబాద్ విశ్వవిద్యాలయ రసాయన శాస్త్రంలో పీహెచ్‌డీకి ఏ రంగం?

హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయ రసాయన శాస్త్ర విభాగంలో ఏ ఆచార్యుల పరిశోధన నాకు సరిపడుతుందని ఇంతకుముందు అడిగాను. పరిచయ వాక్యాలతో సరిపెట్టుకోక వారి పరిశోధన పత్రాలు చదవమని పలువురు సూచించారు; ఆ సలహా ఎంతో మేలు చేసింది.

అక్కడి ఆచార్యులైన అనునయ్ సమంత ప్రతిదీప్తి (కాంతిని గ్రహించిన అణువులు తిరిగి వెలువరించే కాంతి) అధ్యయనాలు, సుశాంత మహాపాత్ర క్వాంటమ్ గతిశాస్త్రం (అణువుల కదలికలను క్వాంటమ్ సిద్ధాంతంతో లెక్కించడం), బసవయ్య గారి బేలిస్–హిల్మన్ చర్యలు (కార్బన్–కార్బన్ బంధాన్ని ఏర్పరచే ఒక రకం రసాయన చర్యలు) చూశాను. అయితే నన్ను పట్టి నిలిపినది స్ఫటిక ఇంజనీరింగ్, అంటే స్ఫటికంలో అణువులు ఎలా అమరుతాయో తెలుసుకుని, కోరిన గుణాలున్న స్ఫటికాలను రూపొందించడం. 1979 నుంచి 2009 వరకు అక్కడ పనిచేసిన గౌతమ్ దేశిరాజు, కార్బన్‌కు అంటిన హైడ్రోజన్ ఆక్సిజన్‌తో ఏర్పరచే బలహీన బంధాలు సైతం అణువుల అమరికను శాసిస్తాయని వివరించారు. ఆ అవగాహన అదే విభాగంలోని అశ్విని నంగియా బృందం చేతిలో ఔషధాల వైపు సాగింది. పసుపులోని కర్క్యుమిన్ నీటిలో దాదాపు కరగదు. దానిని రిసార్సినాల్, పైరోగాలాల్ అనే చిన్న సేంద్రియ సమ్మేళనాలలో ఏదో ఒకదానితో కలిపి ఒకే స్ఫటికంగా రూపొందిస్తే, కర్క్యుమిన్ అణువు మారకుండానే కరిగే వేగం పెరుగుతుందని వారు 2011లో చూపారు. ఇంత సూటిగా మందుల తయారీకి పనికివచ్చే మౌలిక పరిశోధన నాకు మరొకటి కనిపించలేదు.

కనుక స్ఫటికాల వంటి ఘనపదార్థాలను అధ్యయనం చేసే ఘనస్థితి రసాయన శాస్త్రాన్నే ఎంచుకున్నాను. ప్రస్తుతం ఆ రంగంలో విద్యార్థులను తీసుకుంటున్న ఆచార్యులకు, వారి పత్రంలోని ఒక నిర్దిష్ట ప్రశ్నతో లేఖ సిద్ధం చేస్తున్నాను.