అప్‌డేట్: పాత టూ-స్ట్రోక్ బండిలో ఇథనాల్ ప్రయోగం

నెల క్రితం అడిగాను కదా, నా పాత 100 సీసీ టూ-స్ట్రోక్ బండిలో ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోల్‌కి ఇంకాస్త ఇథనాల్ కలిపి నడపొచ్చా అని. బండిలో పోసే ముందు గాజు సీసాలో కలిపి చూడమన్నారు. మంచి మాట చెప్పారు. ఇథనాల్ పెంచేసరికి నేను వాడే మినరల్ 2టీ ఆయిల్ (టూ-స్ట్రోక్ ఇంజన్ కోసం పెట్రోల్‌లో కలిపేది) తెల్లారేసరికి అడుగున పేరుకుంది. అదే ట్యాంకులో జరిగుంటే పిస్టన్ పట్టేసేదే, ఎందుకంటే ఈ ఇంజన్‌కి ఆయిల్ అందేది పెట్రోల్‌తోనే. ఆముదం ఆయిల్ ఆల్కహాల్‌లో బాగా కలుస్తుంది కానీ లోపల జిగురు పేరుకుంటుందట, నాకు అంత ఓపిక లేదు.

కాబట్టి ఎక్స్‌ట్రా ఇథనాల్ మానేశా. ఉత్త ఈ20కే స్పార్క్ ప్లగ్ తెల్లగా వచ్చింది, అంటే ఇంధనం చాలట్లేదన్నమాట. కిలో పెట్రోల్ మండడానికి గాలి సుమారు 14.7 కిలోలు కావాలి, ఇథనాల్‌కి 9 చాలు. అందుకే పాత జెట్‌తో (కార్బురేటర్‌లో ఇంధనం వచ్చే సన్న రంధ్రం) మిక్చర్ పలచబడింది, అంటే గాలి ఎక్కువైంది. మెకానిక్ బాబాయ్ మెయిన్ జెట్ రెండు సైజులు పెంచాడు, ఇప్పుడు ప్లగ్ టీ రంగులో, అంటే ఉండాల్సినట్టే ఉంది. మైలేజీ మాత్రం అడక్కండి. పాత రబ్బరు పైపు కూడా ఉబ్బితే మార్చేశాం. వారం పైన బండి తీయకపోతే కార్బురేటర్ ఖాళీ చేస్తున్నా.