వాలు అక్షరం అంటే ఇటాలిక్ అనుకోవచ్చా?

ప్రశ్న: ఒక ఫాంట్ పరిచయం తెలుగులో రాస్తున్నాను. ‘ఇటాలిక్ ఫ్లేర్డ్ సెరిఫ్’ అన్న దగ్గర ఆగిపోయాను. ‘వాలు అక్షరాలు’ అని రాసేస్తే సరిపోతుందాండీ? ఫ్లేర్డ్‌కి ఏం రాయాలి?

జవాబు: ‘వాలు’ అంటే సగమే చెప్పినట్టండీ. ఇటాలిక్ పుట్టింది చేతిరాతలోంచి. వెనిస్‌లో పుస్తకాలు అచ్చువేసే ఆల్డస్ మనుటియస్ కోసం ఫ్రాంచెస్కో గ్రిఫో ఈ అచ్చు అక్షరాలు చెక్కాడు. 1501లో వర్జిల్ కావ్యాల చిన్న పుస్తకం మొత్తం వాటితోనే అచ్చయింది. అందులో పెద్ద అక్షరాలు నిటారుగానే ఉన్నాయి! అంటే వాలు ఒక్కటే ఇటాలిక్ లక్షణం కాదు. ఇంగ్లిష్ చిన్న ‘ఏ’ (a) చూడండి. నిలువు అక్షరంలో రెండంతస్తులుగా ఉండేది ఇటాలిక్‌లో ఒకే గుండ్రమవుతుంది. ‘ఎఫ్’ (f) తోక చాలాసార్లు గీత కిందికి దిగుతుంది.

ఇక ఫ్లేర్డ్. మామూలు సెరిఫ్‌లో గీత చివర అడ్డంగా చిన్న పాదం ఉంటుంది. ఇందులో ఆ పాదం విడిగా ఉండదు. గీతే నడుము దగ్గర సన్నబడి, కొనలకు వెళ్లేకొద్దీ విచ్చుకుంటుంది. రాతి మీద ఉలితో చెక్కిన అక్షరాల పోలిక అది. నేనైతే ‘కొనలు విచ్చుకున్న ఇటాలిక్ సెరిఫ్’ అని రాస్తాను. సెరిఫ్‌ని సెరిఫ్ అనే ఉంచండి, అందరికీ తెలిసిన మాటే.

ఇంకొకరు: ఆప్టిమా అనే ఫాంట్ ఈ జాతిదే కదా? దాని ఇటాలిక్ నిలువు అక్షరాన్ని వంచినట్టే ఉంటుందే!

జవాబు: అవును, మంచి ఉదాహరణ. దాన్ని రూపొందించిన హెర్మన్ జాఫ్ 1950లో ఫ్లోరెన్స్‌లోని శాంటా క్రోచె చర్చిలో సమాధి రాళ్ల మీది అక్షరాలు చూసి, చేతిలో కాగితం లేక వెయ్యి లీరాల నోటు మీద గీసుకున్నాడు. ఫాంట్ 1958లో వచ్చింది. దానికి జతగా ఇచ్చినది వంచిన నిలువు అక్షరమే. 2002లో జాఫ్ మరో ఫాంట్ డిజైనర్ అకిరా కొబయాషితో కలిసి చేసిన ఆప్టిమా నోవాలో గానీ అసలైన ఇటాలిక్ రాలేదు.

వంచితే ఏమవుతుందంటే, గీత పైకొన కుడి మూల సూదిలా తేలుతుంది, ఎడమ మూల మొద్దుబారుతుంది. కింద కొనకి ఇది తిరగబడుతుంది. ఇంగ్లిష్ ‘ఓ’ (o) గుండ్రం కుడి పైన, ఎడమ కింద లావెక్కుతుంది. విచ్చుకున్న కొనల్లో ఈ వంకర ఇట్టే కనపడుతుంది. అందుకే ఒక్కో కొననీ మళ్లీ చేత్తో దిద్దాలి. సాఫ్ట్‌వేర్‌లో బటన్ నొక్కి వంచేసి ‘ఇటాలిక్’ అనడం నాకు నచ్చదు.

మరొకరు: ఎక్కడ వాడతారు?

జవాబు: శీర్షికలు, ఆహ్వానాలు, అత్తరు పెట్టెలు, పుస్తకం అట్టలు. మరీ చిన్న సైజులో, పాత స్క్రీన్ల మీద ఆ సన్నని విచ్చు కనపడదు, కాబట్టి పేజీ అడుగున రాసే ఫుట్‌నోట్లకి వద్దు.

ఇంకొకరు: తెలుగు పేరాలోనూ ఇటాలిక్ పెడితే?

జవాబు: తెలుగు ఫాంట్లలో చాలావాటికి ఇటాలిక్ ఉండదు. సాఫ్ట్‌వేరే వంచుతుంది. వొత్తులు పక్క అక్షరం కిందికి జరిగి కనిపిస్తాయి. తలకట్టు ముందే వాలుగా ఉంటుంది, ఇంకా పడుకుంటుంది. నొక్కి చెప్పాలంటే మనకి తెలుగు ‘ఏ’ ఉందిగా: ‘అది’ని ‘అదే’ చేస్తే చాలు. పేర్లకైతే బోల్డు గానీ కొటేషన్ గుర్తులు గానీ పెట్టండి.