మునిగిన నాగార్జునకొండ లోయకు పాత టోపోషీట్ ఎంతవరకు సాక్ష్యం? (ముగ్గురి చర్చ)

పల్నాటి బాట: సాగర్ నీటి అడుగున ఉన్న నాగార్జునకొండ లోయ పూర్వరూపం తెలుసుకోవడానికి సర్వే ఆఫ్ ఇండియా వారి పాత 'మైలుకు అంగుళం' టోపోషీట్లే (నేల ఎత్తుపల్లాలు, వాగులు, బాటలు చూపే పటాలే) ప్రధాన ఆధారమని, తవ్వకాల పటాలు వాటికి అనుబంధం మాత్రమేనని నా అభిప్రాయం. ఆనకట్టతోగానీ, పురావస్తు శాఖతోగానీ సంబంధం లేనివారు కొలిచి గీసిన పటాలు కనుక వాటిలో పక్షపాతానికి తావు లేదు.

సర్వే రాయి: ఇక్కడ ప్రశ్న పక్షపాతానిది కాదు, సూక్ష్మతది. ఆ షీట్లలో కాంటూరు రేఖల (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతల) మధ్య ఎత్తు అంతరం 50 అడుగులు. మూడు పక్కల కొండలు, నాలుగో పక్క కృష్ణ ఉన్న ఆ లోయలో కొండవాలుల మీద రేఖలు ఒకదానినొకటి ఒరుసుకుంటూ సాగుతాయి గానీ, ఇక్ష్వాకుల రాజధాని విజయపురి వెలసిన నేల మీద స్తూపపు దిబ్బలూ, ఏటిలోకి దిగే స్నానఘట్టం మెట్లూ రెండు రేఖల నడుమ ఆనవాలు లేకుండా పోతాయి. పైగా, అక్షాంశ రేఖాంశాల్లో పదిహేను నిమిషాల (పావు డిగ్రీ) కొలతతో షీట్లను విభజించే పద్ధతిలో 16°30′, 79°15′ గీతలు కలిసే మూలకు ఈ లోయ ఆనుకుని ఉన్నందువల్ల, దానిని పరిసరాలతో కలిపి చూడాలంటే 56 పి అనే సంఖ్య గల వరుసలోని నాలుగు షీట్లను పక్కపక్కన పరచుకోవాలి. ఆ నాలుగూ ఒకే ఏడాది సర్వే చేసినవైతే అదృష్టమే. 1954 నుంచి 1960 వరకు పురావస్తు శాఖకు చెందిన ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో పనిచేసినవారు వందకు పైగా స్థలాలను తవ్వి, సంఖ్యలిచ్చి నమోదు చేశారు. కట్టడాల విషయంలో ఆ పటాలదే తుదిమాట.

పల్నాటి బాట: కట్టడాల వరకు ఒప్పుకుంటాను. అయితే తవ్వకందారుల దృష్టి శిథిలాల మీదనే ఉంటుంది. లోయలోని పుల్లారెడ్డిగూడెం ఊరి నుంచి ఏటి రేవుకూ, కొండ కనుమలకూ వెళ్లే బాటలు ఏవో, ఏ వాగు ఎటు పారేదో చూపేది టోపోషీటే కదా.

కృష్ణ ఒడ్డు: బాటలకూ వాగులకూ టోపోషీట్‌ను మించినది లేదు. మునక విషయంలో మాత్రం దానిని నమ్మి వాదించేవారిని చూస్తే భయమేస్తుంది. సాగర్ పూర్తిస్థాయి నీటిమట్టం 590 అడుగులు. షీటులో ఉండేవి 550, 600 రేఖలు. ఆ రెంటి మధ్య నీరు ఎక్కడ ఆగుతుందో కంటితో అంచనా కట్టి, ఫలానా పొలం మునిగిందని తేల్చడం ఊహే అవుతుంది. అందుకు గుంటూరు వైపు ఎఫ్.ఎం.బి. (పొలం కొలతల పుస్తకం), ఎదుటి నల్గొండ గట్టున నిజాం కాలపు టిప్పన్ (పొలం కొలతల చిత్తు పటం) తీసి, పొలం హద్దులను ముందు స్థిరపరచుకోవాలి. వాటిలో ఎత్తులు ఉండవు కనుక, మునక హద్దు కోసం ప్రాజెక్టువారు చేయించిన లెవెల్ సర్వేను వాటితో జతపరచక తప్పదు.